గేరు పడకపోతే బాక్సే పోయినట్టు కాదు!

అంబర్‌పేట: అడిక్‌మెట్ వంతెన మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు పాత జీపు ఒకటి ఎక్కుతోందనుకోండి. మూడో గేరు నుంచి రెండో గేరుకు దించబోతే రాడ్డు గంజిలో గరిటెలా తిరుగుతుందే తప్ప గేరు పడదు. వెనుక బస్సుల హారన్ల మోత. 'బాక్సు పోయింది, వేలకు వేలు వదిలినట్టే' అని చోదకుడు బెంబేలెత్తుతాడు. నిజానికి చాలాసార్లు పోయేది బాక్సు కాదు, రాడ్డుకూ బాక్సుకూ మధ్యనుండే లింకు.

1985లో జిప్సీ, 1994లో టాటా సుమో, 2000లో బొలేరో రోడ్డెక్కాయి. సుమో తయారీ 2019లో ఆగినా పాతవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. సొంత బండ్ల రిజిస్ట్రేషను పదిహేనేళ్లకు ముగిసినా, ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. బండి పాతబడేకొద్దీ ముందుగా అరిగేవి ఇటువంటి చిన్న భాగాలే.

అరిగేది బుష్షు

కొన్ని బండ్లలో గేరు రాడ్డు నేరుగా బాక్సుపైనే కూర్చుంటుంది. మరికొన్నింటిలో లింకు రాడ్లో, కేబుళ్లో ఉంటాయి. కీలు కీలుకూ నైలాన్ లేదా రబ్బరు బుష్షు, ఊడిపోకుండా పిన్ను ఉంటాయి. ఎండకు, ఇంజను వేడికి, దుమ్ముకు బుష్షు పెళుసెక్కి చిట్లుతుంది. ఒక్కో కీలు వద్ద రెండు మిల్లీమీటర్లు అరిగినా, మూడు కీళ్ల వద్ద కలిపి ఆరు మిల్లీమీటర్లు. ఆ వదులు చేతి దగ్గరకు వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది.

ముందు చక్రానికి రాయి

మరమ్మతుకు ముందు ఇంజను ఆపాలి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టాలి. బండిని ఎత్తితే జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరరాదు, స్టాండ్లు తప్పనిసరి.

ఒకరు లోపల కూర్చుని రాడ్డు కదిలిస్తుంటే, మరొకరు కింద చూడాలి. రాడ్డు కదులుతున్నా బాక్సు పక్కనున్న లీవరు కదలకపోతే దోషం లింకుదే. లీవరు పూర్తిగా కదులుతున్నా గేరు పడకపోతే లోపలి భాగాలను అనుమానించాలి. ఇంజను ఆపినప్పుడు సులువుగా పడి, నడుస్తున్నప్పుడు మొరాయిస్తే క్లచ్ చూడాలి. ఈ మూడూ తేల్చుకోకుండా బాక్సు దింపమనడం తొందరపాటే.

బుష్షు ఒక్కటే పోతే దాన్ని మారిస్తే సరిపోతుంది. రాణీగంజ్ దుకాణాల్లో దొరకకపోతే లేతు మిషన్‌పై కొలతకు తీయించుకోవచ్చు. పిన్ను కొత్తదే వేయాలి. ఆపై రాడ్డునూ బాక్సు లీవరునూ న్యూట్రల్‌లో ఉంచి లింకు పొడవు సరిచేసి బిగించాలి. ఇక్కడ తేడా వస్తే గేరు సగమే పడుతుంది, నడుస్తుండగా జారిపోతుంది. ఇంజను ఆపి ఉంచే అన్ని గేర్లూ, రివర్సుతో సహా, వేసి చూశాకే బండి కదపాలి.

తీగ కట్టు ప్రమాదం

తీగ చుట్టి నెలల తరబడి నెట్టుకొచ్చేవారూ లేకపోలేదు. గ్యారేజీ చేరడానికి అది పనికిరావచ్చు, అంతకు మించితే ప్రాణాలతో చెలగాటమే. ఆటోమేటిక్ గేర్ల బండ్లలో ముప్పు మరీ ఎక్కువ. రాడ్డు 'పార్కు' చూపిస్తున్నా బాక్సు వేరే గేరులో ఉండిపోవచ్చు. చోదకుడు దిగాక బండి తనంతట తానే దొర్లుతుంది. ఈ కారణంగానే 2022లో అమెరికాలో ఫోర్డ్ సంస్థ సుమారు 29 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. అక్కడా దోషం గేరు కేబుల్‌ను బాక్సుకు కలిపే చిన్న బుష్షుదే.

1929లో మొదలైన ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల తరగతిలోనైనా, రోడ్డు పక్క షెడ్డులోనైనా లీవరు సూత్రం ఒక్కటే: కీలు గట్టిగా ఉంటేనే చేతి మాట యంత్రం వింటుంది. రాడ్డు ఊగడం మొదలైన రోజే చూపించుకుంటే గోటితో పోతుంది. గొడ్డలి దాకా తెచ్చుకుంటే నష్టం డబ్బుతో ఆగదు, వంతెన మీద వెనుక వచ్చేవారి ప్రాణాల మీదికీ వస్తుంది.