తూప్రాన్ చెప్పే 1857

1857 అనగానే మనకు గుర్తొచ్చేవి మీరట్, ఢిల్లీ, కాన్పూర్, ఝాన్సీ. ఉత్తరాది భగ్గుమంటుంటే దక్షిణాది చల్లగా ఉందన్న అభిప్రాయం చదువుకున్నవారిలోనూ పాతుకుపోయింది. అయితే హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపించిన తుర్రెబాజ్ ఖాన్ ప్రాణాలు విడిచింది మెదక్ పట్టణానికి ఆగ్నేయాన ఉన్న తూప్రాన్ దగ్గరే. అది 1859 జనవరి 24. ఆయన్ని చంపింది తెల్ల సిపాయిలు కాదు. నిజాం సర్కారులో తాలూక్‌దారుగా ఉన్న మీర్జా కుర్బాన్ అలీ బేగ్, అతని మనుషులు. సముద్రాల అవతలి సామ్రాజ్యం ఇక్కడ నిలబడింది ఇక్కడి సొమ్ముతో, ఇక్కడి చేతులతో. ఈ సంగతి తూప్రాన్ చెప్పినంత సూటిగా ఇంకో చోటు చెప్పదు.

ఆ ఏర్పాటు ఒక్కరోజులో జరగలేదు. సైన్య సహకార ఒప్పందానికి 1798లోనే ఒప్పుకున్న సంస్థానం హైదరాబాద్. దాంతో ఈస్టిండియా కంపెనీ పటాలాలు నిజాం గడ్డ మీదే మకాం వేశాయి. వాటికి తోడు హైదరాబాద్ కంటింజెంట్ అనే మరో సైన్యం పుట్టుకొచ్చింది. జీతాలు నిజాం ఖజానావి, పెత్తనం ఇంగ్లీషు అధికారులది. ఆ ఖర్చు మోయలేక నిజాం అప్పుల్లో కూరుకుపోయాడు. ఆ అప్పును సాకుగా చూపి 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ బేరార్, రాయచూర్ దోఆబ్ వంటి సారవంతమైన ప్రాంతాలను కంపెనీ అజమాయిషీలోకి తీసుకున్నాడు. 1858లో సర్ హ్యూ రోజ్ ఝాన్సీని ముట్టడించినప్పుడు ఆయన వెంట ఈ కంటింజెంట్ దళాలూ ఉన్నాయి. అంటే దక్కన్ రైతు కట్టిన శిస్తు రాణి లక్ష్మీబాయి మీదికి వెళ్లిన సైన్యానికి జీతమైంది. అమెరికా వలసల పోరాటంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 1775లో మొదలైన ఆ యుద్ధంలో బ్రిటన్ మనుషుల్ని, మందుగుండును అట్లాంటిక్ దాటించాల్సి వచ్చింది. ఆ దూరం తిరగబడినవారికి కలిసొచ్చింది. హైదరాబాద్‌లో తిరగబడినవారికి దూరం ఏ మేలూ చేయలేదు. శత్రువు దండు సికింద్రాబాద్‌లోనే ఉంది.

ఆ పరిస్థితిలో కూడా జనం లేచారు. కంటింజెంట్ అశ్వికదళంలో ధిక్కారం రేగినప్పుడు జమాదార్ చీదా ఖాన్ హైదరాబాద్ చేరాడు. దివాన్ సాలార్ జంగ్ అతన్ని పట్టించి రెసిడెంట్ డేవిడ్సన్‌కు అప్పగించాడు. దాంతో నగరం కుతకుతలాడింది. 1857 జులై 17, శుక్రవారం. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల వెనక రోహిల్లా పఠాన్లు, నగరవాసులు కలిసి ఐదు వందల మంది దాకా కోఠీలోని రెసిడెన్సీ వైపు కదిలారు. పుత్లీబౌలీ వైపున్న రెండు మేడలను పట్టుకుని అక్కడి నుంచి కాల్పులు సాగించారు, తోట గేటును విరగ్గొట్టారు. అటువైపు మద్రాసు అశ్విక ఫిరంగి దళం సిద్ధంగా ఉంది. దాడి వస్తోందన్న కబురు సాలార్ జంగ్ నుంచే ముందుగా అందింది. రాత్రంతా పోరు సాగినా ఫిరంగుల ముందు తుపాకులు, కత్తులు ఎంతసేపు నిలుస్తాయి? తెల్లవారేలోపు తిరుగుబాటుదారులు చెదిరిపోయారు.

ఇది స్వాతంత్ర్య యుద్ధం కాదు, మతావేశంతో లేచిన అల్లరి మాత్రమేనని కొందరి వాదన. జనం మసీదుల్లో కూడిన మాట, మౌల్వీ ముందు నడిచిన మాట నిజమే. కానీ ఆవేశానికి గురి ఎవరన్నది చూడాలి. వాళ్లు వెళ్లింది పొరుగు మతంవాళ్ల ఇళ్ల మీదికి కాదు, పరాయి పెత్తనానికి కేంద్రమైన భవనం మీదికి. అదే కాలంలో నిర్మల్ ప్రాంతంలో గోండు వీరుడు రాంజీ గోండు రోహిల్లాలతో చేయి కలిపి పోరాడాడు. షోరాపూర్ బేడర్ రాజు వెంకటప్ప నాయకుడు 1858లో ఇంగ్లీషువారి మీద తిరగబడ్డాడు. మతం ఒక్కటే కారణమైతే గోండులు, బేడర్లు, రోహిల్లాలు ఒకే శత్రువు మీద ఎందుకు లేస్తారు? అప్పటికి వాళ్లకు దేశమన్న ఊహే లేదు కదా అన్నది మరో అభ్యంతరం. అమెరికన్లు కూడా తుపాకులు పట్టిన ఏడాది తర్వాత, 1776 జులైలో గానీ స్వాతంత్ర్యం ప్రకటించలేదు. పోరాటం ముందు కష్టం నుంచి పుడుతుంది, దాని పూర్తి అర్థం పోరాడుతుండగా తేటపడుతుంది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం సాలార్ జంగ్ తరఫున వినిపిస్తుంది. ఆయన కంపెనీ పక్షాన నిలవకపోతే హైదరాబాద్‌కు ఢిల్లీ గతే పట్టేదంటారు. ఢిల్లీలో ఊచకోత ఎలా సాగిందో తెలిసినవారెవరూ ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేరు. తర్వాతి కాలంలో ఆయన చేసిన పాలనా సంస్కరణలూ గొప్పవే. అయితే నగరాన్ని కాపాడుకోవాలంటే నగరవాసులనే పట్టివ్వాల్సిన స్థితి వచ్చిందంటే, ఆ రాజ్యానికి సొంత నిర్ణయమన్నది మిగల్లేదనే అర్థం. విధేయతకు ప్రతిఫలం 1860 ఒప్పందంలో దక్కింది. సుమారు 50 లక్షల బాకీ రద్దయింది, రాయచూర్ దోఆబ్ తిరిగొచ్చింది, తిరగబడ్డ షోరాపూర్ కూడా నిజాం చేతికి వచ్చింది. బేరార్ మాత్రం రాలేదు. దివాన్ లోకజ్ఞతను మెచ్చుకోవడానికి తుర్రెబాజ్ ఖాన్‌ను చరిత్ర నుంచి తుడిచేయనక్కర్లేదు.

రెసిడెన్సీ దాడి తర్వాత తుర్రెబాజ్ ఖాన్ గాయాలతో పట్టుబడ్డారు, అండమాన్ ప్రవాస శిక్ష పడింది. ఓడ ఎక్కించకముందే, 1859 జనవరి 18న తప్పించుకున్నారు. పట్టిచ్చినవారికి ఐదు వేల రూపాయల బహుమానం ప్రకటించారు. వారం తిరక్కముందే తూప్రాన్ దగ్గర హతమార్చి, శవాన్ని హైదరాబాద్ తెచ్చి, జనం చూసేలా రెసిడెన్సీ సమీపంలో గొలుసులతో వేలాడదీశారు. అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు, ఆయన మళ్లీ తిరిగి రాలేదు. శవానికి కూడా శిక్ష వేసిన పాలకులు నిజానికి బతికున్న జనానికి భయపడ్డారు. దక్షిణం చల్లగా ఉందన్న మాట నిజమైతే ఆ భయం అవసరమే లేదు. జిల్లా కేంద్రమైన మెదక్‌లోని బడుల్లో 1857 పాఠం చెప్పేటప్పుడు కోఠీతో పాటు తూప్రాన్‌నూ చెప్పాలి. పరాయి పాలన మన మధ్య నుంచే బలం పుంజుకుంటుందని, దాన్ని ఎదిరించినవారు కూడా మన మధ్య నుంచే లేచారని పిల్లలకు తెలియాలి. ఈ రెండు నిజాలను కలిపి చెబితేనే మన స్వాతంత్ర్య చరిత్ర పూర్తవుతుంది.