జాబ్ లేదు సరే, ఎవరితో ఉంటున్నారు?

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఇంగ్లండ్‌లో ఇద్దరమ్మాయిలు ఉన్నారనుకోండి. ఇద్దరికీ ఇరవయ్యారేళ్లు. పిల్లల్లేరు, బ్యాంకులో చెప్పుకోదగ్గ డబ్బు లేదు, ఇద్దరి జాబూ ఒకే రోజు పోయింది. రెంట్ సంగతి కాసేపు పక్కన పెడదాం. మొదటి అమ్మాయి ఒక్కతే ఉంటుంది. 2024-25 రేట్ల ప్రకారం ఆమెకు యూనివర్సల్ క్రెడిట్ అనే భృతి కింద నెలకు 393.45 పౌండ్లు వస్తాయి. రెండో అమ్మాయి బాయ్‌ఫ్రెండ్‌తో కలిసి ఒకే ఫ్లాట్‌లో ఉంటుంది. పెళ్లి కాలేదు. అతనిదీ అదే వయసు, చేతికొచ్చే జీతం నెలకు 1500 పౌండ్లు. ఆ అమ్మాయికి వచ్చేది సున్నా.

సున్నా ఎలా అయిందో చూడండి. జంటకు ఇచ్చే మొత్తం 617.60 పౌండ్లు. జంటలో ఎవరు సంపాదించినా, ప్రతి పౌండుకు 55 పెన్నీలు ఇందులోంచి కోస్తారు. 1500కి 55 శాతం అంటే 825. 617.60లోంచి 825 తీసేస్తే ఇంకేం మిగులుతుంది? పోనీ అతను తన జీతంలోంచి ఆమెకు నిజంగా పైసా ఇస్తున్నాడా? ఒకసారి "మీరిద్దరూ జంట" అని తేల్చాక ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

ఇద్దరికీ జాబ్ లేకపోయినా తేడా ఉంది. వేరువేరుగా ఉంటే ఇద్దరికీ కలిపి 786.90, కలిసి ఉంటే 617.60. నెలకు 169.30 పౌండ్లు తక్కువ. కలిసి ఉంటే ఖర్చు తగ్గుతుంది కదా అన్నది ప్రభుత్వం చెప్పే కారణం. అందులో నిజం లేకపోలేదు. ఇద్దరున్నా ఫ్రిజ్ ఒకటే, హీటింగ్ బిల్లు ఒకటే. కానీ డబ్బు విషయంలో ఇంకో రూల్ చూస్తే ఈ లాజిక్ కొంచెం వంకరగా అనిపిస్తుంది. సేవింగ్స్ 16,000 పౌండ్లు దాటితే యూనివర్సల్ క్రెడిట్ రాదు. ఒక్కరికైనా 16,000, జంటకైనా అదే 16,000. చెరో పదివేలు దాచుకున్న ఇద్దరు వేరుగా ఉన్నంతకాలం ఇద్దరూ అర్హులే, కాకపోతే కొంత తగ్గించి ఇస్తారు. ఒకే ఇంట్లోకి మారి జంట అయిన రోజు నుంచి ఇద్దరూ అనర్హులు.

ఇక్కడ ఒక మాట క్లియర్ చేసుకోవాలి. నిరుద్యోగ భృతులు రెండు రకాలు. మొదటిది ఇన్సూరెన్స్ లాంటిది: జాబ్ చేసినప్పుడు జీతంలోంచి కట్టాం కాబట్టి, పోయినప్పుడు తీసుకుంటాం. బ్రిటన్‌లో న్యూ స్టైల్ జాబ్‌సీకర్స్ అలవెన్స్ అలాంటిదే. గరిష్ఠంగా ఆరు నెలలు ఇస్తారు. ఇంట్లో వాళ్లు ఎంత సంపాదిస్తున్నారో దీనికి అక్కర్లేదు, ఎందుకంటే కట్టింది మీరు. రెండో రకం మీన్స్ టెస్ట్ ఉన్నది. అంటే "మీకు నిజంగా గతిలేదా?" అని చూసి ఇచ్చేది. గతి ఉందో లేదో చూడాలంటే ఎవరి గతి చూడాలి? మీ ఒక్కరిదా, మీ భర్తదా, మీ నాన్నదా, మీ తాతగారి పెన్షన్ కూడానా? ఇక్కడే ఇల్లు మధ్యలోకి వస్తుంది. డీబీఎంఎస్ చదివినవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, టేబుల్ ఒకటే, గ్రూప్ బై ఏ కాలమ్ మీద చేస్తాం అన్నదే ప్రశ్న. కాలమ్ మార్చితే పేదవాళ్ల లిస్టే మారిపోతుంది.

బ్రిటన్ 1931లో ఈ కాలమ్‌ని "ఇల్లు మొత్తం" అని పెట్టింది. ఆర్థిక మాంద్యం రోజులు. ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. నిరుద్యోగ భృతిని పది శాతం కోసి, ఇన్సూరెన్స్ కింద ఇచ్చేదాన్ని 26 వారాలకు పరిమితం చేశారు. ఆ తర్వాత కావాలంటే పబ్లిక్ అసిస్టెన్స్ కమిటీ అనే స్థానిక కమిటీ ముందుకు వెళ్లాలి. వాళ్ల మనిషి ఇంటికి వస్తాడు, గదులు చూస్తాడు, అమ్ముకోదగ్గ సామాను ఉందా అని చూస్తాడు, ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి సంపాదనా రాసుకుంటాడు. మిల్లులో పనిచేసే కూతురి కూలి, పేపర్లు వేసే చిన్న కొడుకు చిల్లర, ముసలావిడ పెన్షన్, అన్నీ కూడి తండ్రికి రావాల్సిన దాంట్లోంచి తగ్గిస్తారు.

కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది. ఒకే పొయ్యి మీద వండుకుని తింటున్నారు కదా, ఒకే లెక్క. కానీ ఆ ఇంట్లో కూర్చుని ఆలోచించండి. ఇరవై ఏళ్లు పనిచేసిన గని కార్మికుడు ఇప్పుడు పందొమ్మిదేళ్ల కూతురు జీతం మీద బతకాలి. అలా అని కమిటీ నిర్ణయించింది, ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు. ఆమె జీతం ఒక షిల్లింగ్ పెరిగితే నాన్న భృతి తగ్గుతుంది. మరి ఆ అమ్మాయి ఏం చేస్తుంది? ఇల్లు వదిలి వేరే చోట అద్దె గదిలో చేరుతుంది. చాలామంది నిజంగానే అలా వెళ్లిపోయారు. కొందరు కాగితం మీద మాత్రమే వెళ్లారు. జార్జ్ ఆర్వెల్ 1937లో వచ్చిన "ది రోడ్ టు విగన్ పియర్"లో ఇంకో కోణం చెప్తాడు. ముసలి తల్లిదండ్రులు పిల్లల దగ్గర ఉంటే వాళ్లను లాడ్జర్ కింద లెక్కేసి పిల్లల భృతి తగ్గించేవారట. దాంతో ఆ ముసలివాళ్లు ఇల్లు వదిలి ఎక్కడో ఒక గదిలో తలదాచుకునేవారు. కుటుంబాన్ని ఒక యూనిట్‌గా చూసే రూల్ కుటుంబాలనే విడగొట్టింది. ఆర్వెల్ రాసిన ఇంకో సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. ఊరెళ్లిన పక్కింటివాళ్ల కోళ్లకు మేత వేస్తున్న ఒకాయన మీద, "కోళ్లు మేపే ఉద్యోగం చేస్తున్నాడు" అని ఎవరో ఫిర్యాదు చేశారు. ఇళ్లలోకి తొంగిచూసే రూల్ ఉంటే పక్కింటివాళ్ల చూపు కూడా మారిపోతుంది మరి. వాల్టర్ గ్రీన్‌వుడ్ 1933 నవల "లవ్ ఆన్ ద డోల్"లో కూడా ఈ మీన్స్ టెస్ట్ దెబ్బ కనిపిస్తుంది. ఇంట్లో మిగతావాళ్ల సంపాదన చూపించి హ్యారీ అనే కుర్రాడి భృతి ఆపేస్తారు. నవల చదవాలనుకుంటే అక్కడిదాకా ఓపిక పట్టండి, మొదట్లో కాస్త నెమ్మదిగా నడుస్తుంది.

1935లో కొత్త రేట్లు వచ్చినప్పుడు సౌత్ వేల్స్‌లో లక్షల మంది రోడ్డెక్కారు, ప్రభుత్వం ఆ రేట్లను ఆపాల్సివచ్చింది. చివరికి యుద్ధం మధ్యలో, 1941లో, డిటర్మినేషన్ ఆఫ్ నీడ్స్ చట్టంతో ఇంటిల్లిపాదినీ లెక్కపెట్టే పద్ధతికి స్వస్తి చెప్పారు. ఇప్పుడు బ్రిటన్‌లో అమ్మానాన్నల దగ్గరుండే పాతికేళ్ల అబ్బాయి భృతికి అప్లై చేస్తే వాళ్ల నాన్న జీతం అడగరు. గ్రూప్ బై ఇప్పుడు "జంట" మీద.

అయితే జంట అంటే ఎవరు? పెళ్లయితే సర్టిఫికెట్ ఉంటుంది. పెళ్లి కాకుండా కలిసి ఉండేవాళ్లను ఎలా పట్టుకోవాలి? దీనికి 1982 నాటి క్రేక్ కేసు దగ్గర్నుంచి కొన్ని గుర్తులు వాడుతున్నారు. ఒకే ఇంట్లో ఉంటున్నారా, ఎంతకాలంగా, ఖర్చులు కలిపి పెట్టుకుంటున్నారా, శారీరక సంబంధం ఉందా, పిల్లలున్నారా, నలుగురిలో జంటగా తిరుగుతున్నారా. వీటిలో ఏ ఒక్కటీ సొంతంగా తీర్పు చెప్పదు, అన్నీ కలిపి చూడాలి. ఇఫ్-ఎల్స్ రాయడం అలవాటైన మనకు ఇది చిరాగ్గా అనిపించొచ్చు. కానీ ఇఫ్-ఎల్స్ పెడితే ఇంకా ఘోరంగా ఉంటుంది. "ఒకే అడ్రస్, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి అయితే జంట" అని కోడ్ రాస్తే, రెంట్ తట్టుకోలేక ఫ్లాట్ షేర్ చేసుకునే ఫ్రెండ్స్ అందరికీ పెళ్లిళ్లయిపోతాయి.

ఫ్లాట్‌మేట్స్ జంట కాదు, ఎవరి భృతి వాళ్లదే. కానీ అనుమానం వస్తే ఆధారాలు కావాలి. రెంట్ అగ్రిమెంట్‌లో ఎవరి పేరుంది, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు, కూరగాయలు ఎవరు తెస్తున్నారు, ఎవరి బట్టలు ఎవరు ఉతుకుతున్నారు, ఇలాంటి ప్రశ్నలు వస్తాయి. మన హాస్టల్ రూముల్నే తీసుకోండి. ఒకడి రీచార్జ్ ఇంకొకడు చేస్తాడు, మెస్ బిల్లు ఇంకెవరో కడతారు. నెలాఖరుకి ఎవరు ఎవరికి బాకీయో దేవుడికే తెలియాలి. పంచుకోవడం అనేది నిజానికి అలాగే ఉంటుంది. దాన్ని ఆఫీసులో నిరూపించమంటే ఎవరి తరం?

జంట అని తేలితే ఇంకో చిక్కుంది. యూనివర్సల్ క్రెడిట్ మామూలుగా ఇద్దరికీ కలిపి ఒకే బ్యాంక్ అకౌంట్‌లో పడుతుంది. ఆ అకౌంట్ మీద పెత్తనం ఒకరిదే అయితే, కొట్టేవాడో తిట్టేవాడో అయితే, రెండో మనిషి చేతిలో బస్సు ఛార్జీకి కూడా డబ్బుండదు. విడిగా పంచి ఇవ్వమని అడిగే వీలుంది. కానీ అడగాల్సింది కూడా అదే ఇంట్లో ఉంటూ.

మనవాళ్లకు ఇందులో ఏం సంబంధం అంటారా? బ్రిటన్‌లో ఎంఎస్ చేసే మన సీనియర్లకు ఈ భృతి రాదు. స్టూడెంట్ వీసా మీదే ప్రభుత్వ నిధులు వాడుకోకూడదన్న షరతు ఉంటుంది. పార్ట్‌టైమ్ పోయినా, ఎవరితో ఉన్నా, అంతే. అక్కడ స్థిరపడ్డవాళ్ల ఇళ్లలో మాత్రం చిత్రమైన లెక్క వస్తుంది. పర్మనెంట్ వీసా ఉన్న భర్తకు జాబ్ పోయింది, భార్య ఇంకా డిపెండెంట్‌గా, ఆ షరతున్న వీసా మీద ఉంది అనుకుందాం. అతనికి ఒంటరివాళ్ల రేటే ఇస్తారు, భార్య తినే తిండికి లెక్కలేదు. కానీ ఆమె సంపాదిస్తే ఆ జీతం, ఆమె సేవింగ్స్ మాత్రం లెక్కలోకి వస్తాయి. ఖర్చులో ఆమె లేదు, ఆదాయంలో ఉంది!

జర్మనీలో గీత ఇంకోచోట ఉంది. అక్కడి పదం బెడార్ఫ్స్‌గెమైన్‌షాఫ్ట్, అంటే అవసరాలు కలిసినవాళ్ల గుంపు. పెళ్లికాని, పాతికేళ్లు నిండని పిల్లలు అమ్మానాన్నల ఇంట్లో ఉంటే ఆ గుంపులో భాగమే. 2024లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు నెలకు 563 యూరోలు, ఇంట్లో ఉన్న 18 నుంచి 24 ఏళ్లవాళ్లకు 451. పోనీ బయటికి వెళ్లిపోతే ఎక్కువ వస్తుంది కదా అనుకుంటారేమో, ఆ దారి 2006లోనే మూసేశారు. పాతికలోపువాళ్లు ముందుగా ఆఫీసు అనుమతి లేకుండా ఇల్లు మారితే రెంట్ ఇవ్వరు, రేటు కూడా పెంచరు. అంటే మన వయసువాడు నాన్నతో గొడవపడి బయటికి రావాలన్నా గట్టి కారణం ఉందని ఆఫీసులో చెప్పుకోవాలి. పాతికేళ్ల గీత ఎక్కడినుంచి వచ్చిందో నాకైతే అర్థం కాలేదు. 24 ఏళ్ల 11 నెలలవాడి ఆకలి, ఇంకో నెల పోయాక ఆకలి వేరా? జంటల విషయంలో మాత్రం వాళ్లకో సూటి రూల్ ఉంది. ఏడాదికి పైగా కలిసి ఉన్న జంట ఒకరికొకరు ఆసరా అనే అనుకుంటారు, కాదని నిరూపించుకోవాల్సింది మీరే. షేర్డ్ ఫ్లాట్‌లో ఉండే స్టూడెంట్స్ దీని కిందికి రారు.

ఇక మన దగ్గరికి వద్దాం. మన సెన్సస్‌లో కుటుంబం అంటే ఒకే వంటగదిలో వండింది తింటూ కలిసి ఉండేవాళ్లు. 1931 కమిటీ మనిషి కూడా దాదాపు ఇలాగే చూసేవాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తం కింద 22 నుంచి 35 ఏళ్ల చదువుకున్న నిరుద్యోగులకు నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చారు. జాబ్ లేనిది మీకు, కానీ చూసేది తెల్లకార్డు, అంటే కుటుంబాన్ని. తర్వాత వచ్చిన బియ్యం కార్డు రూల్స్ ఇంకా తేటగా ఉంటాయి: పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు పదివేలు, టౌన్‌లో పన్నెండువేలు దాటకూడదు, కరెంటు 300 యూనిట్లు దాటకూడదు, కార్డులో ఎవరూ ప్రభుత్వ ఉద్యోగి గానీ ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాళ్లు గానీ కాకూడదు.

అందుకే మన ఊళ్లలో పెళ్లవగానే "కార్డు వేరు చేయించుకున్నారా?" అని అడుగుతారు. ఇల్లు అదే, పొయ్యి అదే, మీటర్ కూడా ఒక్కోసారి అదే, కార్డులు మాత్రం రెండు. మరి పెళ్లికాని కొడుకు బెంగళూరులో పీజీలో ఉంటూ, టాక్స్ కట్టేంత జీతం తెచ్చుకుంటూ, ఇంటికి నెలకు రెండువేలు పంపుతున్నాడనుకోండి. ఇంటి పొయ్యి మీద వండింది అతను తినేది సంక్రాంతికి నాలుగు రోజులే. కానీ కార్డులో పేరు ఉంది. రేపు ప్లేస్‌మెంట్స్ అయ్యాక మనలో చాలామంది ఇదే పరిస్థితిలో ఉంటాం. ఆఫర్ లెటర్ వచ్చిన వారం అమ్మ స్వీట్లు పంచుతుంది. సచివాలయంలో కార్డు సంగతి ఎవరైనా వెళ్లి అడిగి రావాలి కదా, అది మనమే వెళ్లడం మంచిది.