మత్తు డాక్టరుగారి ప్రశ్న



మన అల్లవరం నుంచి ఆపరేషన్‌కి అమలాపురమో, కాకినాడో వెళతాం. అక్కడ మత్తు డాక్టరు ముందుగా వచ్చి, "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చిందా?" అని అడుగుతారు. మనవాళ్లు ఆలోచించకుండానే "ఏం లేదండి" అనేస్తారు.

పూర్తి మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేసేముందు కండరాలు సడలడానికి ఇంజెక్షన్ చేస్తారు. వాటిలో పాతది సక్సినైల్‌కోలిన్. ఆసుపత్రిలో స్కోలిన్ అంటారు. నిమిషంలో పనిచేసి, పది నిమిషాల్లోపే దిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టేది మన రక్తంలోని బ్యూటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము. కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైము పనిచేయదు. మామూలు రోజుల్లో వారికి ఏ లోటూ తెలియదు. స్కోలిన్ పడిన రోజే బయటపడుతుంది. గంటల తరబడి చెయ్యి కదలదు, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. మందు దిగేదాకా వెంటిలేటర్ మీద ఉంచి, మత్తు కొనసాగించాలి. మత్తు ముందే ఆపితే రోగికి అన్నీ తెలుస్తుంటాయి, కన్ను మాత్రం తెరవలేడు. తలచుకుంటేనే భయమేస్తుంది.

ప్రపంచంలో ఇది అరుదు. కానీ ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఎక్కువని రావు, గోపాలం అనే పరిశోధకులు 1979లోనే ప్రకటించారు. 2006లో జన్యు కారణం దొరికింది: ఎంజైములో 307వ స్థానంలో లూసిన్‌కు బదులు ప్రోలిన్ ఉంది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సమూహాలు మన దేశంలో ఎన్నో ఉన్నాయని, వాటిలో ఇలాంటి లోపాలు పేరుకుంటాయని 2017లో హైదరాబాదు సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి చూపారు.

"మీదే కులం?" అని ఎవరైనా అడిగితే హాస్టల్లో చదివిన మనకు మనసు చివుక్కుమంటుంది. ఇక్కడ మాత్రం ఎక్కువ తక్కువల సంగతి కాదు, పెళ్లిళ్లు ఒకే గిరిలో తిరిగిన ఫలితం. ఏ కులంలోనైనా ఈ లోపం ఉండొచ్చు కనుక కుటుంబం సంగతి అడగడమే మేలని నా అభిప్రాయం. తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తేనే ఇది వస్తుంది. ఒకరికి ఉంటే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి నాలుగో వంతు అవకాశం. మేనరికాల ఇళ్లలో ఇది ఇంకా గమనించాలి.

ఇదే స్కోలిన్, హాలోథేన్ వంటి మత్తు వాయువులు ఇంకొందరిలో మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా తెస్తాయి. కండరాలు బిగిసి ఒళ్లు కాలిపోతుంది. డాంట్రోలిన్ వెంటనే ఇవ్వకపోతే ప్రాణాపాయం. అదీ వంశపారంపర్యమే, దానికి తల్లిదండ్రుల్లో ఒకరి జన్యువు చాలు.

ముందే తెలిస్తే మొదటిదానికి రోక్యురోనియం, అట్రాక్యురియం వంటి వేరే మందులు వాడతారు. అనుమానముంటే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయిస్తారు. మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత చాలాసేపు తెలివిరాలేదనో, మిషన్ మీద ఉంచారనో విన్నారా? ఆ డిశ్చార్జి కాగితం బీరువాలోంచి తీసి, మత్తు డాక్టరుకు చూపించండి. అందులో మందు పేరుంటే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా రాసివ్వండి.