జత కలిపే ముందు ఒక్క క్షణం

కామారెడ్డి స్టేషనులో రైలు దిగిన ఒక కుటుంబం ఎల్లారెడ్డికి అద్దె కారు మాట్లాడుకున్నదనుకుందాం. దారిలో ఏదైనా విందామని కుమారుడు తల్లి ఫోన్‌ను కారు స్టీరియోకు బ్లూటూత్ ద్వారా కలుపుతాడు. కాంటాక్టులు, కాల్ వివరాలు ఇవ్వవచ్చునా అని తెరపై ప్రశ్న వస్తుంది. చదవకుండానే సరేనని నొక్కుతాడు. ఊరు రాగానే అందరూ దిగిపోతారు. ఆ నంబర్ల జాబితా మాత్రం కారు మెమరీలోనే మిగిలిపోవచ్చు.

బ్లూటూత్ మహోపకారి అనడంలో సందేహం లేదు. 1994లో స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్ సంస్థలో దీనిపై కృషి ఆరంభమైంది. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబిఎం, ఇంటెల్, తోషిబా సంస్థలు కూటమిగా ఏర్పడి ఉమ్మడి ప్రమాణాలను చేపట్టాయి. పదవ శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరే దీనికి పెట్టారు. తీగలు చేసే పనిని 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలు చేస్తాయి.

2010లో వచ్చిన 4.0 వెర్షన్ విద్యుత్ వినియోగాన్ని బాగా తగ్గించింది. 2014 నాటి 4.2 వెర్షన్ ఈ పొదుపు విధానంలో జత కలిపే పద్ధతిని మరింత భద్రం చేసింది. ఇటీవలి ఆరాకాస్ట్ విధానంలో ఒకే చోటి నుండి వెలువడే ధ్వనిని అనేకులు తమ తమ పరికరాలలో ఒకేసారి వినగలరు. తగిన వినికిడి యంత్రాలు, ప్రసార పరికరం ఉంటే, వినికిడి తగ్గిన పెద్దలకు మసీదులోని ప్రసంగం నేరుగా చెవికి చేరుతుంది. 2024లో వచ్చిన 6.0 వెర్షన్ పరికరాల మధ్య దూరాన్ని మరింత కచ్చితంగా కొలుస్తుంది.

అయితే ఈ భద్రత అంతా దారిలో దొంగ పడకుండా కాపాడేదే. మనమే తలుపు తీసి అప్పగించిన దానిని ఏ తాళమూ కాపాడలేదు. ఒకసారి జత కలిసిన పరికరాలు ఒకదానినొకటి గుర్తుంచుకొని, మరల దగ్గరకు రాగానే తమంతట తామే కలుస్తాయి.

కనుక కొన్ని జాగ్రత్తలు అవసరం. అద్దె కారులో ధ్వనికి మాత్రమే అనుమతినిచ్చి, కాంటాక్టులకు నిరాకరించండి. దిగే ముందు ఫోన్‌లోనే గాక కారు తెరపై కూడా మీ ఫోన్ పేరును తొలగించండి. ఫోన్‌లో తొలగించినంత మాత్రాన కారులోని ప్రతి చెరిగిపోదు. అపరిచిత పరికరం జత కోరితే తిరస్కరించండి. అవసరం తీరాక బ్లూటూత్‌ను ఆపివేయండి. పాత ఫోన్‌ను, కారును అమ్మేటప్పుడు అందులోని సమాచారాన్నంతా చెరిపివేయండి.

ఆ జాబితాలో ఉన్నవి మన నంబర్లు మాత్రమే కావు. అక్కచెల్లెళ్లు, కోడళ్లు, స్నేహితులు, ఇరుగుపొరుగువారు మనల్ని నమ్మి ఇచ్చిన నంబర్లవి. అవి మన వద్దనున్న అమానత్. వాటిని ఇతరులకు అప్పగించే హక్కు ఒక్క వేలి నొక్కుతో మనకు సంక్రమించదు. ఈ మాటను ఇంటిలోని పిల్లలకు నేడే చెప్పండి.