పిల్లల కీళ్లవాతం – బయోలాజిక్ మందుల పరీక్ష

ఉదయం లేవగానే కుంటిన బిడ్డ పొద్దెక్కేసరికి మామూలుగా ఆడుకుంటుంటే, బడి ఎగ్గొట్టడానికి వేసిన వేషమని పెద్దలు కసురుకోవడం కద్దు. పదహారేళ్లలోపు పిల్లలకు కీళ్లవాపు ఆరు వారాలు దాటినా తగ్గక, మరే కారణమూ కనిపించకపోతే అది బాల్య కీళ్లవాతం కావచ్చు. ముందు సిరుగుప్ప తాలూకా ఆసుపత్రిలో చూపించాలి. ఈ వ్యాధి కంటికీ సోకవచ్చు కనుక కంటి పరీక్ష తప్పనిసరి.

మెథోట్రెక్సేట్ చాలనప్పుడు బయోలాజిక్ సూదిమందులు వాడతారు. వీటిలో ఒకటైన ఎటానర్సెప్ట్‌ను సిన్సినాటి వైద్యుడు డేనియల్ లోవెల్ బృందం 69 మంది పిల్లలపై పరీక్షించి, 2000లో ఫలితాలను ప్రకటించింది. బాధపడుతున్న బిడ్డకు మొదటినుంచే ఉత్తుత్తి సూది వేయడం న్యాయమా? అందుకే తొలి మూడు నెలలు అందరికీ అసలు మందే ఇచ్చారు. గుణం కనిపించిన 51 మందిని మాత్రమే రెండు జట్లుగా విభజించారు. ఉత్తుత్తి సూది పొందిన 26 మందిలో 21 మందికి, అసలు మందు కొనసాగిన 25 మందిలో ఏడుగురికి వ్యాధి తిరగబెట్టింది.

ఈ మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. దేహంలో నిద్రాణంగా ఉన్న క్షయ మేల్కొనవచ్చు. కాబట్టి ముందుగా చర్మపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే అవసరం.

మన దేశంలో ఇటువంటి పరీక్షలకు 2019 నియమావళి వర్తిస్తుంది. తల్లిదండ్రుల అంగీకారం వారికి అర్థమయ్యే భాషలోనే తీసుకోవాలి. పత్రం కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటే తెలుగులో వివరించమని నిస్సంకోచంగా అడగవచ్చు. సంతకం ఆ తరువాతే. ఏడేళ్లు దాటిన బిడ్డ సమ్మతీ కావాలి. పరీక్షవల్ల హాని కలిగితే ఉచిత వైద్యం అందించాలి. మధ్యలో ఎప్పుడైనా వైదొలగవచ్చు. అందువల్ల మామూలు చికిత్స ఆగకూడదు.