టీచరమ్మ ఇంటిమీద జెండా ఎందుకు?

ఎన్నికలొచ్చాయంటే ఊళ్ళో ఆడవాళ్ళకి గిరాకీ పెరుగుతుంది. బొట్టు పెట్టి ఓటడగడానికి ఆడవాళ్ళు కావాలి. పోలింగు నాడు ఆడవాళ్ళ వరసలో ఎవరు ఎవరో గుర్తుపట్టడానికీ ఆడవాళ్ళే కావాలి. ఆ ఇంటి కోడలు గవర్నమెంటు బళ్ళో టీచరైతే మరీ మంచిది. తన బిడ్డకి అక్షరాలు దిద్దించిన టీచరు గుమ్మంలోకొచ్చి అడిగితే ఏ తల్లి కాదంటుంది? సరిగ్గా అందుకే ఆ పని ఆమె చేయకూడదంటున్నాయి రూల్సు. ఈ సంగతి టీచర్లకి తెలిసినంతగా వాళ్ళింట్లో వాళ్ళకి తెలియదు.

మా తోడికోడలు మండల పరిషత్ పాఠశాలలో టీచరు. మా మరిది ఒక పార్టీలో తిరిగే మనిషి. 2024 ఎన్నికలప్పుడు డాబా మీద గుర్తున్న జెండా కట్టాడు. ఆమె బడికి వెళ్ళే స్కూటీకి స్టిక్కరు అంటించాడు. తీసేయమంటే, ‘‘పార్టీ నాది, ఉద్యోగం నీది. దానికీ దీనికీ సంబంధమేంటి?’’ అన్నాడు. ‘‘మొగుడికి ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలాగే?’’ అని మా అత్తగారు వంత పాడారు.

రూలు ఏమంటోంది?

సంబంధం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1964లో వచ్చిన ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగి ఏ పార్టీలోనూ సభ్యత్వం తీసుకోకూడదు. చందా ఇవ్వకూడదు, ప్రచారం చేయకూడదు. ఒంటిమీద గానీ, బండిమీద గానీ, ఉంటున్న ఇంటిమీద గానీ ఎన్నికల గుర్తు పెట్టుకుంటే పలుకుబడి వాడినట్టే లెక్క. అంటే నోరు విప్పకపోయినా తప్పు ఆమెదే అవుతుంది.

‘‘పోనీ, బూత్‌లో ఏజెంటుగానైనా కూర్చో, ఆడమనిషి దొరకడం లేదు’’ అన్నాడు మా మరిది. అది ఇంకా ప్రమాదం. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో ప్రభుత్వోద్యోగి అభ్యర్థి తరఫున ఏజెంటుగా కూర్చుంటే, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం కింద మూడు నెలల వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పోలింగు డ్యూటీ పడినవాళ్ళు ఓ అభ్యర్థికి మేలు చేసే పని చేస్తే శిక్ష ఆరు నెలల దాకా ఉంటుంది. మా తోడికోడలికి ఆ డ్యూటీ కూడా పడింది. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ ఆమె ఎన్నికల సంఘం మనిషి కింద లెక్క. ఇవన్నీ మా వారు కూర్చోబెట్టి చెబితే గానీ జెండా దిగలేదు, స్టిక్కరు ఊడలేదు.

మరి ఆమెకి అభిప్రాయం ఉండకూడదా?

నాకూ మొదట ఇదే అనిపించింది. అంత చదువుకున్న మనిషి నోరు కట్టేసుకోవాలా అని. కానీ రూలు ఆమె ఓటుని ముట్టుకోలేదు. పోలింగు డ్యూటీలో ఉన్నవాళ్ళకి కూడా పోస్టల్ బ్యాలెట్ ఉంది. ఓటు వేయొచ్చు, ఎవరికి వేసిందీ, వేయబోయేదీ మాత్రం బయటపెట్టకూడదు. ఉద్యోగం చేస్తూ పోటీకి దిగడం కుదరదు. దిగాలంటే రాజీనామా చేయాలి. భర్త రాజకీయం భర్తది, దాన్ని ఎవరూ ఆపరు.

ఈ ‘చెప్పకూడదు’ అన్న మాటలోనే ఆడవాళ్ళకి పెద్ద అండ ఉందని నాకు తర్వాత తెలిసింది. మన ఇళ్ళల్లో భార్య ఓటు కూడా మగవాళ్ళ లెక్కలో కలిపేసుకోవడం మామూలే. ‘‘మా ఇంట్లో నాలుగు ఓట్లూ మీకే’’ అని వాకిట్లోనే మాటిచ్చేస్తారు. ఓటేసి వచ్చాక మా మరిది అడిగితే మా తోడికోడలు నవ్వి, ‘‘చెప్పకూడదని రూలుందండీ’’ అంది. కాదనడానికి ఆమెకి ధైర్యం అక్కర్లేకపోయింది, రూలే కాదంది. నాకు ఉద్యోగం లేదు, అలాంటి రూలూ లేదు. కానీ రహస్యంగా ఓటేసే హక్కు నాకూ ఉంది, మీకూ ఉంది.

మీ ఇంట్లో టీచరుంటే ఒక్క సాయం చేయండి. నామినేషన్ల నాటికే మగవాళ్ళని కూర్చోబెట్టి చెప్పండి. ఆమెను ప్రచారానికి పిలవొద్దనండి, ఆమె ఫోన్లో పార్టీ బొమ్మలు పెట్టొద్దనండి. ఆమె పాఠం చెప్పే గదిలో అన్ని పార్టీల వాళ్ళ పిల్లలూ ఒకే బల్లమీద కూర్చుంటారు. ఆ తల్లులందరూ ఆమెను ఒకేలా నమ్మాలి.