పందికొక్కుపై ఏ ఆయుధం? ఉప్పలగుప్తం మండల పరిస్థితుల్లో ఎర, విషం, అదను ఎంపిక

గోదావరి మధ్య డెల్టాకు చివరి అంచున, బంగాళాఖాతాన్ని ఆనుకొని ఉన్న మండలం ఉప్పలగుప్తం. ధవళేశ్వరం ఆనకట్ట నుండి బయలుదేరిన సాగునీరు ఇక్కడికి చిట్టచివరగా చేరుతుంది. ఎగువ పొలాల మురుగునీరు మాత్రం ఈ మండలం మీదుగానే సముద్రంలోకి పోవాలి. పల్లపు వరి చేలు, చేలను ఒరుసుకొని కొబ్బరి తోటలు, మురుగు కాలువల ఎత్తైన గట్లు, తీరం వైపు రొయ్యల చెరువులు ఒకదానికొకటి ఆనుకొని ఉండడం ఇక్కడి భూమి స్వరూపం. మనిషికి ఇది నాలుగు రకాల భూవినియోగం. ఎలుకకు మాత్రం ఒకే నివాసం: తిండి చేలో, ఇల్లు గట్టులో, వరద వస్తే ఆశ్రయం తోటలో.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ఉప్పలగుప్తం పేరు రాష్ట్రమంతటా వినిపించింది. పెట్టుబడికి, ధరకు పొంతన లేకపోవడం, మురుగు పారుదల సరిగా లేకపోవడం నాటి ప్రధాన ఆవేదనలు. లాభానికీ నష్టానికీ మధ్య అంతరం అంత సన్నగా ఉన్న చోట, పొట్ట దశలో ఎలుకలు కొరికివేసే దుబ్బుల లెక్క చిన్న విషయం కాదు. కౌలు ముందే నిర్ణయమై ఉన్న కౌలు రైతుకు ఆ నష్టం పూర్తిగా తన వాటా నుండే పోతుంది. అందుచేత ఎలుకల నివారణలో ఏ సాధనాన్ని, ఏ మోతాదులో, ఏ సమయంలో ఎంచుకోవాలన్న ప్రశ్నను విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు శ్రద్ధగా పరిశీలించవలసి ఉంది.

తుపాకి ఎందుకు పనికిరాదు?

పంట నాశనం చేసే జంతువులను తుపాకితో వేటాడటం అమెరికా మైదాన ప్రాంతాల్లో స్థిరపడిన పద్ధతి. బొరియల్లో నివసించే ప్రెయిరీ డాగ్ వంటి జంతువుల కోసం అక్కడివారు చిన్న గొట్టం తుపాకులను ప్రత్యేకంగా చేయించుకుంటారు. జంతువు పరిమాణం, దూరం, గాలి, గురి తప్పిన గుండు ఎక్కడికి పోతుందన్న విచారణ, ఇవన్నీ చూసి తూటాను, మందును, గుండు బరువును నిర్ణయిస్తారు. ఆ జంతువు పగటిపూట, చెట్టూచేమా లేని బయలులో కనిపిస్తుంది కనుక ఆ పద్ధతి అక్కడ చెల్లుతుంది.

మన పందికొక్కు రాత్రి సంచరిస్తుంది, పగలు మట్టిలో దాగి ఉంటుంది. చేనుకీ చేనుకీ మధ్య ఇళ్లు, బాటలు, పశువులు ఉన్న కోనసీమలో తుపాకికి చోటు లేదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదు. అయితే ఆ వేటగాడి ఆలోచనా క్రమం మనకు పనికివస్తుంది. ముందు శత్రువును గుర్తించాలి, తరువాత మోతాదు లెక్కించాలి, ఆ పిమ్మట గురి తప్పితే ఎవరికి ప్రమాదమో విచారించాలి. విషపు ఎర తయారీలోనూ ఇదే వరుస వర్తిస్తుంది.

శత్రువు ఎవరు?

వరి చేలలో ప్రధాన శత్రువు పొలం పందికొక్కు. దీని శాస్త్రీయ నామం బాండికోటా బెంగాలెన్సిస్. ఇంగ్లీషులోని బాండికూట్ అన్న మాటకు మూలం తెలుగు పందికొక్కే. ఆ మాటే శాస్త్రీయ నామంలోకి వెళ్లింది, ఆస్ట్రేలియాలోని వేరొక జంతువుకూ పేరైంది. గర్భధారణ కాలం సుమారు మూడు వారాలు. ఒక్కొక్క ఈతలో సగటున ఆరు నుండి ఎనిమిది పిల్లలు పుడతాయి. బొరియ ముఖద్వారం వద్ద తాజా మట్టి కుప్ప ఉండడం, దుబ్బు మొదట్లో పిలకలు ఏటవాలుగా కొరకబడి ఉండడం, బొరియలో కంకులు నిల్వచేయడం దీని గుర్తులు. దీనితోపాటు మెత్తని బొచ్చు గల పొలం ఎలుక, చిట్టెలుక కూడా చేలలో ఉంటాయి.

కొబ్బరి తోటల్లో శత్రువు వేరు. చెట్టెలుక మొవ్వులో గూడు పెట్టుకొని, లేత కాయలకు తొడిమ దగ్గర రంధ్రం చేసి రాల్చివేస్తుంది. అంతరపంటగా కోకో ఉన్న తోటల్లో కోకో కాయలనూ వదలదు. గట్టుమీద పెట్టిన ఎర చెట్టుమీది ఎలుకకు అందదు. కాబట్టి చేనుకూ తోటకూ ఒకే సిఫారసు చెప్పడం మొదటి పొరపాటు.

ఎరలో భాగాలు, మోతాదు లెక్క

విషపు ఎరలో మూడు భాగాలుంటాయి: గింజ, నూనె, విషం. వరి ప్రాంతపు ఎలుకకు అలవాటైన గింజ బియ్యపు నూకలే. వంటనూనె వాసనతో ఆకర్షిస్తుంది, విషాన్ని గింజకు అంటిపెడుతుంది. నూనె ముక్కిపోయినా, నూకలు పురుగు పట్టినా ఎలుక ముట్టదు. సిఫారసు చేసిన పాళ్లు: నూకలు 96, నూనె 2, విషం 2. అంటే కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల విషపు పొడి.

బ్రోమోడయోలోన్ 0.25 శాతం పొడిని ఈ పాళ్లలో కలిపితే కిలో ఎరలో అసలు విషం 50 మిల్లీగ్రాములు, అంటే 0.005 శాతం అవుతుంది. ప్రయోగశాల ఎలుకల్లో సగం చనిపోవడానికి కావలసిన మోతాదు కిలో శరీర బరువుకు సుమారు 1.125 మిల్లీగ్రాములు. ఈ లెక్కన 250 గ్రాముల పందికొక్కుకు 0.28 మిల్లీగ్రాము, అంటే సుమారు 6 గ్రాముల ఎర కావాలి. దానికి రెట్టింపు 12 గ్రాములు. బొరియకు 15 గ్రాముల పొట్లం పెట్టాలన్న సిఫారసులోని అర్థం ఈ లెక్కలో తేటపడుతుంది. కిలో ఎరతో 66 పొట్లాలు వస్తాయి. ఎకరానికి సజీవ బొరియలు 25 ఉంటే 375 గ్రాముల ఎర చాలు. బొరియలు లెక్కించకుండా ఎకరాకు ఇంత అని పంచడం వలన ఒకచోట విషం వృథా, మరొకచోట కొరత అవుతాయి.

జింక్ ఫాస్ఫైడ్ 80 శాతం పొడిని ఇవే పాళ్లలో కలిపితే గ్రాము ఎరలో 16 మిల్లీగ్రాముల విషం ఉంటుంది. దీని ప్రాణాంతక మోతాదు కిలో బరువుకు సుమారు 40 మిల్లీగ్రాములు. కనుక 250 గ్రాముల ఎలుకకు ఒక గ్రాము ఎర కంటే తక్కువే సరిపోతుంది. వేగం దీని గుణం, ఆ వేగమే దీని లోపం కూడా. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. ముందు కొద్దిగా రుచి చూస్తుంది. చాలీచాలని మోతాదు తిని బాధపడి బ్రతికిన ఎలుక ఆ ఎరను మళ్లీ ముట్టదు. అందువలననే ముందు రెండు రోజులు విషం లేని నూకలు, నూనె కలిపిన మచ్చిక ఎర పెట్టి, ఆ తరువాతనే విషపు ఎర పెట్టవలసి ఉంటుంది.

బ్రోమోడయోలోన్ రక్తం గడ్డకట్టే శక్తిని క్రమంగా పోగొడుతుంది. ఎలుక కొన్ని రోజుల తరువాత చనిపోతుంది కనుక తిన్న ఎరకూ కలిగిన బాధకూ సంబంధం గ్రహించలేదు. మచ్చిక ఎర అవసరం లేదు. సంఖ్య అతిగా ఉన్నచోట మొదట జింక్ ఫాస్ఫైడ్, మిగిలిన వాటికి పది రోజుల తరువాత బ్రోమోడయోలోన్ వాడవచ్చు. సంఖ్య తక్కువగా ఉన్నచోట, ఇళ్లకు దగ్గరగా ఉన్నచోట బ్రోమోడయోలోన్ ఒక్కటే మేలు.

సజీవ బొరియలను గుర్తించడం సులభం. మొదటి రోజు సాయంత్రం గట్టుమీది బొరియలన్నిటినీ మట్టితో మూసివేయాలి. మరునాటికి తిరిగి తెరుచుకున్నవే సజీవమైనవి. పొట్లం వాటిలోనే పెట్టాలి. ఎరను చేతితో కాక కర్రతో కలపాలి. ఈ మండలంలో గట్లు తరచు తడిగా ఉంటాయి. తడిసిన జింక్ ఫాస్ఫైడ్ ఎర శక్తి కోల్పోతుంది. కాబట్టి ఏ రోజు ఎర ఆ రోజే కలిపి, పొడి వాతావరణంలోనే వాడాలి. బొరియలో నీరు ఊరే చోట ఎండిన కొబ్బరి డొక్కును బోర్లించి, దాని క్రింద పొట్లం ఉంచితే ఎర తడవదు, పక్షుల కంటపడదు.

అదను

మంచి ఎర కూడా అదను తప్పితే పనిచేయదు. పిలకల దశలో కొరికిన దుబ్బు కొంతవరకు కోలుకుంటుంది. చిరుపొట్ట దాటిన తరువాత పోయిన పిలక తిరిగి రాదు. గింజ పాలు పోసుకున్నాక చేనంతా రుచికరమైన తిండి ఉంటుంది కనుక పొట్లంలోని నూకల మీద ఎలుకకు ఆసక్తి ఉండదు. అంటే నష్టం కంటికి కనిపించే సమయానికి ఎర బలం తగ్గిపోయి ఉంటుంది. రైతు సాధారణంగా మందు అడిగేది కూడా అప్పుడే. ఈ అంతరాన్ని పూడ్చడమే విస్తరణ కార్యకర్త చేయవలసిన పని.

మొదటి అదను దాళ్వా కోతల తరువాత, సార్వా నాట్లకు ముందు. చేలో తిండి ఉండదు, ఎలుకలు గట్లమీద పోగుపడతాయి, బొరియలు స్పష్టంగా కనిపిస్తాయి. రెండవది నాట్లు వేసిన నెల నుండి నెలన్నర లోపు, పొట్ట దశకు ముందే. ఆ తరువాత అయితే ఎరకు బదులు బుట్టలు, పొగ వంటి పద్ధతులను ఆశ్రయించాలి.

నాట్ల తేదీల్లో, రకాల్లో తేడా మరొక చిక్కు. ఒకే ఆయకట్టులో దీర్ఘకాలిక స్వర్ణ, స్వల్పకాలిక ఎం.టి.యు. 1010 పక్కపక్కన ఉంటే, ముందు పండిన చేను కోసిన వెంటనే ఎలుకలు ఆలస్యంగా పండే చేనుకు తరలిపోతాయి. ఆగ్నేయాసియా దేశాల్లో ఈ స్వభావాన్నే ఉపాయంగా మార్చారు. చిన్న మడిలో రెండు మూడు వారాలు ముందుగా నాటి, చుట్టూ ప్లాస్టిక్ తెర కట్టి, తెర రంధ్రాల వద్ద బోనులు అమరుస్తారు. ఆ ఎర పంట చుట్టుపక్కల 10 నుండి 15 హెక్టార్ల వరకు రక్షణ ఇస్తుందని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ చెబుతోంది. ఉమ్మడిగా సాగే ఆయకట్టులో ఇది పరీక్షించదగినది.

విషం లేని సాధనాలు

వెదురుతో అల్లిన ఎలుక బుట్టలు డెల్టా రైతులకు కొత్త కాదు. ఎకరాకు 20 వరకు గట్ల వెంట, ఎలుకల దారుల్లో పెట్టించాలి. పంట ఏ దశలో ఉన్నా ఇవి పనిచేస్తాయి, చెరువులకు, బాతులకు ముప్పు ఉండదు. ఎండుగడ్డి పొగను బొరియలోకి పంపే పొగ యంత్రం మరొక సాధనం. పక్క ద్వారాలన్నీ మట్టితో మూసి రెండు మూడు నిమిషాలు పొగ పెడితే లోపలి తల్లి, పిల్లలు కూడా ఊపిరాడక చనిపోతాయి. పిల్లలున్న బొరియకు ఎర కంటే పొగే తగినది, ఎందుకంటే కళ్లు తెరవని పిల్ల ఎర తినదు. తీరపు ఇసుక నేలల్లో పొగ బయటకు లీకవుతుంది. అక్కడ బుట్టలే నమ్మదగినవి.

కొబ్బరి తోటలో చెట్టెలుకకు 10 గ్రాముల బ్రోమోడయోలోన్ మైనపు బిళ్లలను ప్రతి అయిదు చెట్లలో ఒకదాని మొవ్వులో, 12 రోజుల వ్యవధితో రెండుసార్లు పెట్టాలి. చెట్ల మట్టలు ఒకదానినొకటి తాకని తోటల్లో, నేల నుండి రెండు మీటర్ల ఎత్తున మానుకు 40 సెంటీమీటర్ల వెడల్పు జింకు రేకు చుట్టితే ఎలుక పైకి ఎక్కలేదు. మట్టలు కలిసిన తోటలో రేకు వృథా.

రాత్రి వేటాడే గూబలు వాలడానికి చేలో టి ఆకారపు కర్రలు నాటడం తక్కువ ఖర్చుతో కూడినది. అయితే విషం తిన్న ఎలుకను తిన్న గూబకూ హాని కలుగుతుంది. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టవలసిన కారణాల్లో ఇది ఒకటి.

గురి తప్పితే ఎవరికి ముప్పు?

ఎలుకల కోసం చేను చుట్టూ విద్యుత్ తీగ పెట్టడం నేరం, ప్రాణాంతకం. తెల్లవారుజామున నీరు చూసుకోవడానికి వచ్చిన పొరుగు రైతు, మేతకు వెళ్లిన పశువు, కొన్నిసార్లు తీగ పెట్టినవాడే బలవుతున్నారు. ఈ పద్ధతిని ఏ సందర్భంలోనూ సమర్థించరాదని ప్రతి సమావేశంలోనూ చెప్పాలి.

జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. బ్రోమోడయోలోన్‌కు విటమిన్ కె1 విరుగుడు. కాని లక్షణాలు కొన్ని రోజులు ఆలస్యంగా బయటపడతాయి కనుక, ఎవరైనా పొరపాటున తిన్నారని తెలిసిన వెంటనే మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఎరను గట్టుమీద చల్లరాదు. కోతల తరువాత చేలలోకి దిగే బాతుల మందలు ముందుగా దానినే ఏరుకుంటాయి. చెరువు గట్లమీద మిగిలిన పొట్లాలు నీటిలో పడకుండా తిరిగి తీసుకోవాలి. చచ్చిన ఎలుకలను చేతి తొడుగులు లేకుండా తాకరాదు. ఎలుక మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పిరోసిస్, అంటే ఎలుక జ్వరం, సోకుతుంది. కాళ్లకు పుండ్లతో మడిలో దిగే కూలీలకు ఈ ముప్పు ఎక్కువ.

గట్టు ఎవరిది?

సాధనాల ఎంపిక ఎంత సరిగా ఉన్నా, ఒక్క రైతు తన ఎకరంలో చేసిన పని వారాల్లో నీరుగారిపోతుంది. ఖాళీ అయిన బొరియను పొరుగు గట్టు ఎలుక ఆక్రమిస్తుంది. ఉప్పలగుప్తంలో అన్నిటికంటే ఎక్కువ బొరియలకు అవకాశమున్న మురుగు కాలువ గట్లు ఏ రైతు పేరునా ఉండవు. ఇద్దరు కౌలుదారుల మధ్య గట్టు బాధ్యత ఇద్దరికీ ఉండదు. అందుచేత నివారణకు యూనిట్‌గా కమతాన్ని తీసుకోవడం కన్నా, ఒక కాలువ క్రింది ఆయకట్టును, దానికి చేరిన తోటలు, చెరువు గట్లు, మురుగు గట్లతో కలిపి తీసుకోవడం సమంజసం. బొరియలు మూసే సాయంత్రం, ఎర పెట్టే ఉదయం ఆ ఆయకట్టు మొత్తానికీ ఒకటే కావాలి.

మార్టేరు వరి పరిశోధనా స్థానంలో ఎలుకల మీద, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో కొబ్బరి మీద జరిగిన కృషి మనకు దగ్గరలోనే ఉంది. గ్రామానుభవానికి వచ్చే విద్యార్థులు ఒక ఆయకట్టును ఎంచుకొని, నివారణకు ముందు, పది రోజుల తరువాత, పొట్ట దశలో సజీవ బొరియలను లెక్కించి పటంలో గుర్తిస్తే, ఏ గట్టు మీద ఏ సాధనం పనిచేసిందో ఆ ఊరి రైతులకే లెక్కతో చూపవచ్చు. దాళ్వా కోతలు ముగిసిన వెంటనే ఈ లెక్కింపు మొదలుపెట్టడం అన్నివిధాల అనువైనది.